మామ మందు కొట్టిన మూల

ఆండిపట్టి పక్క పల్లెలో యువరాణిని అందరూ ‘గడ్డి టీచర్’ అంటారు. ఆ పేరు ఆమెకు బొత్తిగా నచ్చదు. ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతూ, సెలవుల్లో ఒక కాలేజీ పరిశోధన కోసం మొక్కలు లెక్కపెడుతుంది. పద్ధతి సులువే. నేల మీద మీటరు చదరంగా తాడు పరిచి, లోపల ఎన్ని రకాల మొక్కలున్నాయో, ఏ రకం ఎంతుందో చూడాలి. దున్నిన చేను, మేకలు మేసే బీడు, ఎవరూ ముట్టని మూల. మూడూ పోల్చితే మనుషుల పనులతో నేల మీద ఏం మిగులుతుందో తెలుస్తుంది.

పద్ధతే సులువు, మనుషులు కారు. బీడులో ఆమె చదరం గుర్తుకు పాతిన మేకులను ఎవరో ఆవును కట్టడానికి పీక్కుపోయారు. చేనులో వంగి చూస్తుంటే దారిన పోయేవాళ్లు “ఏం పోగొట్టుకొంటివి, కమ్మలా?” అంటూ వెదకడానికి దిగి, చదరమంతా తొక్కేశారు.

ఇక మిగిలింది మామ నల్లసామి పొలంలో వాగు పక్కన ట్రాక్టరు తిరగని మూల. తుమ్మి, ఉత్తరేణి, గలిజేరు, నేల ఉసిరి, ఆమెకే పేరు తెలియనివి ఇంకొన్ని. అది చూపించడానికే పరిశోధన నడిపే చారులత మేడమ్‌ను ఆదివారం రమ్మంది.

శనివారం వెళ్లి చూస్తే మొక్కలన్నీ మాడి, తలలు వేలేసి ఉన్నాయి. యువరాణి ఇంటికి పరుగెత్తింది.

“మామా, వాగు మూలలో కలుపుమందు ఎవరు కొట్టింది?”

“నేనేమ్మా,” అన్నాడు నల్లసామి గర్వంగా. “నిన్న కొడితిని. ఒక్క దినంలో ఎట్ల ఎండిపోయింది చూస్తివా! కాలేజీ నించి పెద్దోళ్లు వస్తా ఉండారు గదా. ఆ గడ్డీ పుల్లా చూస్తే నల్లసామి సోంబేరి అనుకోరా?”

పెళ్లయిన ఇన్నేళ్లలో మామకు ఎదురు చెప్పని యువరాణి అరిచేసింది.

“ఆ గడ్డి చూసేదానికే వాళ్లు వచ్చేది! ఎన్ని తూర్లు చెప్తిని మామా? ఈ ఇంట్లో నా మాట ఎవరైనా వింటారా?”

“గడ్డి చూసేదానికి కారు పెట్టుకొని వస్తారని నాకేం తెలుసు,” అని గొణిగి, నల్లసామి అన్నం ముట్టకుండా పడుకున్నాడు.

“ఇద్దరికీ పైత్యమే,” అని అత్త ముత్తమ్మాళ్ కంచం తీసేసింది.

చారులత వచ్చి, ఎండిన మూలను చూసి, “ఇదీ కొలవాల్సిందే. మందు పడ్డాక ఏవేవి తిరిగొస్తాయో చూద్దాం,” అంది. చావు ఇంట్లో భోజనం బాగుందన్నట్టుగా తోచింది యువరాణికి.

వానలు పడ్డాయి. ఒకరోజు నల్లసామి ఆమెను పొలానికి లాక్కుపోయాడు. “చూడమ్మా! పోయిందంతా వచ్చేసింది. ముందుకన్నా నిండుగా ఉండాది.”

యువరాణి తాడు పరిచి చూసింది. అంతా తుంగే.

“మామా, కల్యాణ మండపం నిండా జనం ఉండారనుకోండి. కానీ వచ్చినోళ్లంతా మీ అన్న ఇంటోళ్లే. మిగతా చుట్టాలు ఒక్కరూ రాలే. అది నిండిన పెళ్లేనా?”

అన్నతో నల్లసామికి మాటల్లేవు. తుంగ పోచ ఒకటి పీకి పారేసి, “అది పెళ్లే కాదు,” అన్నాడు.

మర్నాడే, వాగు పక్కన మందు పడకుండా మిగిలిన ముక్క చుట్టూ ముళ్లకంప నాటాడు. మేకల్ని తరిమాడు. ఆకుకూరకు వచ్చిన ముత్తమ్మాళ్‌ను తరిమాడు. తాడు పట్టుకుని వచ్చిన యువరాణికీ అడ్డం నిలబడ్డాడు.

“కాలు పెట్టొద్దు! తొక్కితే పోతాది.”

“లోపలికి పోకుంటే ఎట్ల కొలిచేది మామా?”

“ఆడనించే వంగి చూడు. నీకు కండ్లు బాగుండాయి గదా.”

ఎంత వాదించినా ఆయన జరగలేదు. చివరికి ఆమె దోటికి తాడు కట్టి కంప మీదుగా లోపలికి తోసి, మట్టిలో బోర్లా పడుకుని చూడసాగింది. నల్లసామి పక్కనే గొంతుక్కూర్చుని, “అది ఏం? ఇది ఏం?” అని ఒక్కో మొక్కనూ అడుగుతున్నాడు. ముల్లు గుచ్చుకున్న మోచేయి రుద్దుకుంటూ, యువరాణి పళ్లు కొరుకుతూ పేర్లు చెబుతోంది.