మా సార్ నంబర్ మీద నా చెప్పులు

తార్నాకల చెప్పులు కొననీకి పోయిన. తొడిగి చూసుకున్న, పైసలు చేతుల పట్టుకొని కౌంటర్ కాడ నిలబడ్డ. బిల్లు కొట్టే అమ్మాయి తల ఎత్తకుండనే "ఫోన్ నంబర్ చెప్పండి సార్" అన్నది.

"చెప్పులకు ఫోన్ నంబరెందుకమ్మా? అవేమన్న తప్పిపోతే నాకు ఫోన్ చేస్తరా?"

"నంబర్ లేకుంటే సిస్టమ్ బిల్లు తీసుకోదు సార్."

నాకు ఒళ్లు మండింది. నా నంబర్ చచ్చినా ఇయ్యనని మొండికేసిన. వెనక లైన్ల ఉన్నోళ్లు గొణుగుతున్నరు. ఇగ నోటికొచ్చిన పది అంకెలు గడగడ చెప్పేసిన. బయటికొచ్చినంక సోయికొచ్చింది, అది మా గైడ్ సార్ నంబర్.

నాకు కంఠతా వచ్చిన నంబర్ అదొక్కటే. క్యాంపస్‌ల పీహెచ్‌డీ మొదలుపెట్టి నాలుగేండ్లు. నాలుగేండ్ల సంది నేను ఫోన్ కొడుతనే ఉన్న, సార్ ఎత్తకుంటనే ఉన్నడు. స్క్రీన్ మీద చూసి చూసి ఆ అంకెలు బుర్రల అచ్చుపడ్డయి. అమ్మ నంబర్ గూడ నాకు నోటికి రాదు.

ఒకసారి నోటికి అలవాటైతే ఆగుతదా? అంబర్‌పేట్‌ల బిర్యానీ హోటల్, తార్నాకల బేకరీ, మాణికేశ్వర్ నగర్‌ల నా రూం సందు చివర మందుల షాపు, అంతటా సార్ నంబరే. బేకరీల పేరు, పుట్టినరోజు గూడ అడిగిన్రు. అవి మాత్రం నావే చెప్పిన, కేకు ఫ్రీ అన్నరు మరి. నా వివరాలు ఎవ్వరికీ చిక్కలేదని లోలోపల మస్తు మురిసిన. ఎవని పిచ్చి వానికానందం!

ఇంతల పీహెచ్‌డీకి ఇంకింత టైం అడిగే ఎక్స్‌టెన్షన్ ఫారం నెత్తి మీదికొచ్చింది. శుక్రవారం దాకనే గడువు. సార్ సంతకం లేకుంటే నా రిజిస్ట్రేషన్ రద్దు, నాలుగేండ్ల చదువు గంగల కలిసినట్టే. కానీ రెండు నెలల సంది నేను సార్‌కు మొహం చూపెట్టలే. చాప్టర్ ఒక్క పేజీ కదల్లే. పచ్చకామెర్లు, ఊళ్లె ఉన్న అని మెసేజ్ పెట్టి తప్పించుకున్న.

తప్పదని డిపార్ట్‌మెంటుకు పోయిన. సార్ కోస్తా మనిషి, ఆదివారం చర్చిల ప్రసంగం చేస్తడు. తిట్టేటప్పుడు గూడ అదే గొంతు. ఫారం టేబుల్ మీద పెట్టిన. సార్ దానిదిక్కు చూడలే, కళ్లజోడు పెట్టుకొని ఫోన్ తీసిండు.

"ఏమయ్యా, కామెర్లు తగ్గాయా?"

"తగ్గినయ్ సార్. పత్యం చేస్తున్న."

"చాలా సంతోషం." గొంతు సవరించుకొని బైబిల్ వాక్యం చదివినట్టు మొదలుపెట్టిండు. "'తొమ్మిదో సైజు చెప్పులు కొన్నందుకు ధన్యవాదాలు.' నాది ఏడయ్యా. 'మీ మటన్ బిర్యానీ ఎలా ఉంది? ఐదు స్టార్లు ఇవ్వండి.' ఇది సోమవారం. బుధవారం మళ్లీ బిర్యానీ! నాకు బీపీ అని మా ఆవిడ కూరలో ఉప్పు కూడా వెయ్యదు. ఇవి చూసి వారం రోజులు నాతో మాట మానేసింది, దొంగచాటుగా తింటున్నానట. ఎవడా వీడు అనుకున్నాను. ఇదిగో, బేకరీ వాళ్లు నీ పేరుతో పుట్టినరోజు శుభాకాంక్షలు పంపారు."

తేలు కుట్టిన దొంగ లెక్క నిలబడ్డ. సార్ ఇంకో మెసేజ్ తీసిండు. ఈసారి గొంతు తగ్గింది.

"'ప్రియమైన కస్టమర్, మీ మాత్రలు అయిపోయి పద్నాలుగు రోజులైంది. మళ్లీ కొంటే పది శాతం తగ్గింపు.'" ఫోన్ బోర్లా పెట్టిండు. "మందు పేరు కూడా రాశారు. మా అమ్మాయి డాక్టరు, అడిగాను. ఇది కామెర్లకు కాదట."

పొద్దంతా మంచం దిగబుద్ధి కాక, ఊకె ఏడుపొస్తుంటే దవాఖానకు పోయిన, ఆ మాత్రలు రాసిచ్చిన్రు. బిర్యానీ ఒక్కటే గొంతు దిగేది. జర నయమనిపిస్తే మాత్రలు నేనే ఆపేసిన, మళ్ల మొదటికొచ్చింది. కామెర్లంటే జాలిపడతరు, ఇదంటే పిచ్చోడంటరని ఎవ్వరికీ చెప్పలే. నేను మాత్రలు ఆపిననని ఈ భూమ్మీద గమనించింది ఆ షాపు కంప్యూటర్ ఒక్కటే. అది గూడ తగ్గింపు ఇస్తనన్నది.

"ఇంట్లో తెలుసా?"

"తెల్వదు సార్." సిగ్గుతోని సచ్చిపోయిన. అక్కడ్నే ఏడ్చిన.

సార్ ఫారం దగ్గరికి లాక్కొని సంతకం పెట్టిండు. "రేపు ఆ మాత్రలు రాసిన డాక్టరు దగ్గరికి వెళ్లు. షాపులన్నిట్లో నా నంబర్ తీయించెయ్, ముందు ఆ బిర్యానీ హోటల్లో. నా సంసారం నిలబడాలి." ఫారం నా చేతుల పెట్టి, "మందుల షాపులో మాత్రం ఉంచు" అన్నడు.

తీయించనీకి పోతే ఆ నంబర్‌కు ఓటీపీ వస్తది, చెప్పుమన్నరు. హోటల్ కాడికెళ్లి, బేకరీ కాడికెళ్లి సార్‌కు ఫోన్ కొట్టిన. ఎత్తలే. సార్‌కు ఇప్పటికీ నా బిర్యానీ బాగున్నదా అని అడుగుతనే ఉన్నరు.

మరుసటి నెల మాత్రలు కొని సందు దాటకముందే నా ఫోన్ మోగింది. నాలుగేండ్లల సార్ తనంతట తాను ఫోన్ చేసుడు అదే మొదలు.

"మెసేజ్ వచ్చిందయ్యా, కొన్నావు. అన్నం తిని వేసుకో" అన్నడు. నేను నోరు తెరిచేలోపే పెట్టేసిండు.