ఏకాదశి నాడు గ్రహణం పట్టదు

మొన్న గ్రహణం వెళ్లిన మూడోనాడు మా పక్కింటి కోడలు, పెద్ద చదువే చదివిన పిల్ల, ఫోను పట్టుకొని వచ్చి నాకొక వీడియో చూపించింది. ఎవరో ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి నడుమ రోకలి పెట్టారు, అది ఎవరూ పట్టుకోకుండానే నిటారుగా నిలబడింది, గ్రహణం పట్టింది కాబట్టి నిలబడిందనీ విడవగానే పడిపోతుందనీ వెనక నుంచి ఒక గొంతు భక్తిగా చెబుతోంది. లోపలికి వెళ్లి మూలన పడి ఉన్న మా రోకలి తెచ్చి, అడుగు తుడిచి, గచ్చు మీద నిలబెట్టాను. రెండుసార్లు ఒరిగింది, మూడోసారి నిలబడింది. ఆకాశంలో గ్రహణమూ లేదు, ఇంకే విశేషమూ లేదు, పొద్దున పది గంటల ఎండ తప్ప. ఆ పిల్ల నవ్వుతుందనుకున్నాను కాని, "ఏమో ఆంటీ, పెద్దవాళ్లు ఊరికే చెప్పరు కదా" అనేసి వెళ్లిపోయింది. ఎనభైకి దగ్గరపడ్డ మనిషికి ఇంత పంతం ఎందుకని మీరూ అనుకోవచ్చు. ఈ పంతం ఈనాటిది కాదు, మనుషులు ఇంకా చంద్రుడి మీద కాలు పెట్టని రోజులనాటిది.

నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. నిజామాబాదులో మా వాడకట్టు ఆడవాళ్లందరిలాగే అవ్వ, అంటే మా అమ్మ, పక్కన కూర్చొని, ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుట్టేదాన్ని. తునికాకు కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం చేతులకు అలవాటైపోయాక కళ్లకు పని ఉండదు, ఆ ఖాళీ కళ్లకు నాకు పుస్తకం దొరికింది. గ్రంథాలయంలో కార్డు మా బాపు పేరు మీద ఉండేది. బాపుకు చదువు రాదు, సాయంత్రం పూట ఎవరైనా పేపరు పైకి చదువుతుంటే వినడానికి వెళ్లేవాడు, ఆయన వేలిముద్ర మీద నేను పుస్తకాలు తెచ్చుకునేదాన్ని. అక్కడ నేను తప్ప ఇంకో ఆడపిల్ల కనిపించేది కాదు. ఐదో తరగతి చదివిన పిల్ల కదా అని అక్కడి పెద్దాయన నన్ను పిల్లల బీరువా దాటనిచ్చేవాడు కాదు. ఆయనకు నేను ఈనాటికీ రుణపడి ఉన్నాను, ఎందుకంటే ఆ బీరువాలోనే, అట్ట ఊడిపోయి మొదటి పేజీలు చినిగిపోయిన ఒక పుస్తకం నా చేతికి వచ్చింది. భూమి, చంద్రుడు, సూర్యుడి గురించి బడిపిల్లల కోసం రాసింది. రాసిందెవరో ఇప్పటికీ తెలియదు.

గదిలో దీపం పెట్టి, చేతిలో బంతి చాచి పట్టుకొని గుండ్రంగా తిరగమని అందులో ఉంది. బంతి మాకెక్కడిది, ఉల్లిగడ్డకు పుల్ల గుచ్చాను. కందీలు సూర్యుడు, నా తల భూమి, ఉల్లిగడ్డ చంద్రుడు. తిరుగుతుంటే విదియ నుంచి పున్నమి దాకా చంద్రకళలన్నీ ఉల్లిగడ్డ మీద ఒకదాని వెనక ఒకటి కనిపించాయి. కందీలుకూ నా కంటికీ నడుమకు వచ్చినప్పుడే ఉల్లిగడ్డ దీపాన్ని మూసింది, అదే అమావాస్య. దీపానికి నేను వీపు పెట్టినప్పుడే నా తల నీడ దాని మీద పడింది, అది పున్నమి. మరి ప్రతి అమావాస్యకూ గ్రహణం ఎందుకు పట్టదని రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. చంద్రుడి దారి కొంచెం ఏటవాలుగా ఉంటుందనీ, అందుకే ఎక్కువసార్లు సూర్యుడికి కాస్త పైనుంచో కిందనుంచో దాటిపోతాడనీ పుస్తకం చెప్పింది. అవ్వ గాజులు రెండు తీసి ఒకదానిలో ఒకటి కాస్త ఒరిగించి పట్టుకున్నాక గాని నాకు అర్థం కాలేదు. గాజుల్లేని చేతులతో అవ్వ నన్ను చూస్తూ కూర్చుంది. దీనికేదో సోకిందని మా వాడలో చెప్పుకున్నారట. సోకిన మాట నిజమే.

మా అక్కను వర్ని దిక్కు ఒక ఊళ్లో ఇచ్చాం. కాలువ కింద వరి, చెరుకు పండించే ఇల్లు, చెరుకు బండ్లు బోధన్ చక్కెర కార్ఖానాకు వెళ్లేవి. మొదటి కాన్పుకు అక్క మా ఇంటికి వచ్చింది, శ్రావణంలో ఆడపిల్ల పుట్టింది. పిల్ల పై పెదవి ముక్కు దాకా చీలి ఉంది. మంత్రసాని గొంతు తగ్గించి, "గ్రహణం మొర్రి" అంది. ఇరవై ఒకటోనాడు వచ్చిన అక్క అత్త పిల్లను చూసి, ఎత్తుకోకుండానే బండెక్కి వెళ్లిపోయింది.

ఆ అత్త ఆలోచన చివరి నుంచి మొదలైంది. మూతి చీలింది కాబట్టి గ్రహణం పట్టి ఉండాలి, గ్రహణం పట్టింది కాబట్టి కడుపుతో ఉన్న కోడలు ఆ గడియలో ఏదో కోసి ఉండాలి. అట్లా వెతుక్కుంటూ పోతే ఒక రోజు దొరికింది. మాఘంలో ఒకనాడు మధ్యాహ్నం నాలుగు దాటాక సూర్యుడు రాగి చెంబులా ఎర్రబడి కాసేపు మసకబారాడట. మా అక్కా కాదనలేదు. చాట పక్కకు పెట్టి నేను దగ్గరికి పోయి కూర్చుంటే, గోడవైపు చూస్తూ చెప్పింది.

"అత్తకు భీష్మ ఏకాశి ఒక్కపొద్దు. మా మట్టుకు కూర కోసమని దోసకాయ కోస్తున్న. ఆకిలంత ఎర్రగైంది. నాకు గ్రహణమని తెల్వదు చెల్లే. నా బిడ్డ మూతి నేనే కోసిన."

అక్క ఆ మాటను ఏడుస్తూ చెప్పి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు. ఒప్పేసుకున్నట్టు చెప్పింది. పిల్లకు చీలిన పెదవితో పాలు తాగడం రాక, అవ్వ ఉగ్గుగిన్నెతో పోసేది. అక్క మాత్రం పిల్ల ముఖం మీద చీర కొంగు కప్పి ఒళ్లో పెట్టుకునేది, మూడు నెలలు ఆ ముఖం వెలుతురులో చూడలేదు. ఈలోగా అక్కను ఇక తీసుకుపోయేది లేదనీ, కొడుక్కి ఇంకో పెళ్లి చేస్తామనీ, పెద్దమనుషులతో వచ్చి తెంపుకుంటామనీ కబురు వచ్చింది. బాపు తల వంచుకొని ఏ రోజు రమ్మంటావని నన్నడిగాడు, ఇంట్లో పంచాంగం చదవగలిగింది నేనొక్కదాన్నే కాబట్టి. కార్తీకం వెలుగు పక్షం ఏకాదశి, మధ్యాహ్నం నాలుగు దాటాక రమ్మని చెప్పించాను. అంతకన్నా మంచి గడియ లేదన్నాను. జీవితంలో నేను పెట్టిన ముహూర్తం అదొక్కటే.

వచ్చారు. అత్త, మామ, బావ, ఇద్దరు పెద్దమనుషులు. మా ఆకిట్లో ఈత చాపల మీద కూర్చొని మాటలు మొదలుపెట్టగానే నేను తంబాకు చేతులతోనే బయటికి వచ్చాను. ఆడపిల్ల మధ్యలోకి వచ్చి మాట్లాడటం ఆ రోజుల్లో ఎట్లా చూసేవారో మీకు తెలుసు.

"అత్తమ్మా, ఇయ్యాల తిథేంది?" అని అడిగాను.

"ఏకాశి. పొద్దటిసంది నోట్ల నీళ్లు వొయ్యలే."

"గా ఎర్రగైన నాడు?"

"గది గూడ ఏకాశే. ఎన్నిసార్లు చెప్పాలె."

"అట్లనైతే ఒక్కపారి లేసి నిలబడుండ్రి."

వాళ్లలో ఒక పెద్దమనిషి, "ఈ పొల్ల బీడీలు సుడుతదా, పంచాంగం సుడుతదా?" అన్నాడు. అందరూ నవ్వారు, మా బాపు కూడా భయంతో నవ్వాడు. కాని లేచారు. పడమటి గోడ మీద సూర్యుడు ఇంకా రెండు బారల పైన ఉన్నాడు. తూర్పున పక్కింటి పెంకుల మీద, తెల్లటి పగటి చంద్రుడు ముప్పావు కన్నా ఎక్కువగానే నిండి ఉన్నాడు. నేను ఒక చేయి అటు, ఒక చేయి ఇటు చాపి నిలబడ్డాను. గ్రహణమంటే చంద్రుడు సూర్యుడికి అడ్డం రావడమనీ, ఆ ఏకాదశి నాడు కూడా ఇదే వేళకు చంద్రుడు తూర్పునే ఉండి ఉంటాడనీ, అక్కడున్నవాడు ఇక్కడున్న సూర్యుడికి ఎట్లా అడ్డం వస్తాడో చూపించమనీ అడిగాను.

అత్త తగ్గలేదు. "రాహువు మింగుతడు గని, సెంద్రుడు అడ్డమొచ్చుడేంది?"

"రాహువైనా అమాసకే వస్తడత్తమ్మా. ఏకాశి నాడు మీరు ఎన్నడన్న గ్రహణం తానం చేసిండ్రా?"

నవ్విన పెద్దమనిషే గడ్డం గోక్కున్నాడు. "లేదు. పొద్దుకు వట్టేది అమాసకే. సెంద్రునికి వట్టేది పున్నానికే. గది మా తాత గూడ చెప్తుండె."

"మరి గా నాడు పొద్దు ఎందుకు మసకవడ్డది?" అని అత్త నన్ను నిలదీసింది. "నా కండ్లతోని సూసిన. అబద్ధమా?"

మనసులో పుస్తకమంతా తిరగేసుకున్నా అందులో ఏకాదశి నాడు మసకబారే సూర్యుడు లేడు. చాపిన చేతులు దించుకున్నాను. అక్క తలుపు చాటున నిలబడి ఉంది, నేను ఓడిపోతే ఆమె గతి ఏమిటో నాకు తెలుసు. అప్పుడు, వచ్చినప్పటి నుంచి నోరు విప్పని మామ, తలకు చుట్టిన రుమాలు తీసి మోకాలి మీద పెట్టుకొని మాట్లాడాడు.

"అగ్గి నేను పెట్టిన."

ఎవరికీ అర్థం కాలేదు. ఆ రోజే కాలువ పక్క మడిలో చెరుకు కొట్టుడు అయిపోయిందనీ, ఎండిన ఆకును తానే తగలబెట్టాననీ, గాలి తిరిగి పొగంతా ఊరి మీదికి వచ్చిందనీ, ఆ పొగలోంచే సూర్యుడు ఎర్రగా కనిపించాడనీ ఆయన నిదానంగా చెప్పాడు.

"ఇన్నొద్దులు ఎందుకు చెప్పకపోతివి?" అంది అత్త.

"చెప్తే నా మీదికొస్తదని ఊకున్న. పరాయి పొల్ల మీదికి వోతాంటె సూసుకుంట ఊకున్న."

చివరికి అత్తే అడిగింది, ఈసారి గొంతులో కోపం లేదు. "గట్లైతే మూతి ఎందుకు గట్లయింది, చెప్పు మరి."

"తెల్వదత్తమ్మా. నేను సదివిన పుస్తకంల గది లేదు. తెల్వనిదాన్ని తెల్వదనాలె, మా అక్క మీద వెయ్యొద్దు."

అక్క పిల్లతో ఆకిట్లోకి వచ్చింది. కొంగు తీసింది. ఏటవాలు ఎండలో ఆ చిన్న ముఖాన్ని, చీలికతో సహా, చాలాసేపు చూసింది. పిల్ల వెలుతురుకు కళ్లు చిట్లించి తుమ్మితే, అక్క ఉలిక్కిపడి నవ్వింది. మామ చేతులు చాపి, "ఇటు తే బిడ్డా" అన్నాడు. అత్త ముట్టలేదు, కాని ఇంకో పెళ్లి మాటా ఎత్తలేదు. ఎనిమిదో రోజు మామ స్వయంగా బండి కట్టుకొని వచ్చి తల్లినీ పిల్లనూ తీసుకుపోయాడు. అత్త ఆ పిల్లను ఎత్తుకోవడానికి ఇంకో ఏడాది పట్టింది, ఎత్తుకున్నాక దింపిందీ లేదు. కొన్నేళ్లకు హైదరాబాదులో ఆపరేషన్ చేసి పెదవి కుట్టారు. సన్నటి గీత మిగిలింది. ఆ పిల్లే ఇప్పుడు మనవలను ఆడిస్తోంది.

గ్రహణం నాడు నేను ఏనాడూ పస్తు ఉండలేదు, ఇకముందూ ఉండను. కడుపుతో ఉన్న పిల్లలను చీకటి గదిలో పెట్టేవాళ్లు నా నోటికి ఇప్పటికీ జడుస్తారు, జడవనీ. చాలా ఏళ్లు ఆ రోజు నా ఉల్లిగడ్డే గెలిచిందని, ఐదో తరగతి పిల్ల పెద్దమనుషుల నోరు మూయించిందని చెప్పుకొని తిరిగాను. అక్క పోయిన తర్వాత, తీరిగ్గా కూర్చొని తలచుకుంటే, నిజం అంత సులువుగా లేదు. చంద్రుణ్ని చూపించి నేను ఒక అబద్ధాన్ని ఆపగలిగాను, అంతవరకే. అక్క మీది బరువును దించింది మాత్రం పొగ నాదే అని పదిమందిలో చెప్పుకున్న ముసలాయన. చంద్రుడు ఎప్పుడు ఎక్కడ ఉంటాడో ఇప్పుడు ప్రతి చేతిలోని ఫోనూ చెబుతుంది, గ్రంథాలయానికి పోవలసిన పని కూడా లేదు. వయసులో నాకన్నా పెద్దవాళ్లు, చదువులో నాకన్నా చాలా పెద్దవాళ్లు ఎన్నో పంచాయితీల్లో కూర్చోవడం ఈ కళ్లతో చూశాను. ఆ తర్వాత ఏ ఆకిట్లోనూ, ఒక్కడైనా లేచి, రుమాలు మోకాలి మీద పెట్టుకొని, అగ్గి నేను పెట్టిన అనడం నేను వినలేదు.