ముందు చక్రం

మాస్టర్ పోయిండు. పొద్దుగాల రుమైథియాల ఇంటి ముందట కారు కడుగుతుంటే మా బాబా, అంటే నాకు వీసా ఇచ్చి పనికి పెట్టుకున్న ఇంటాయన, నా కఫీల్, మెట్ల మీదికెళ్లి చెప్పిండు. "సైకిల్ మాస్టర్ మాత్. యల్లా, పిల్లలను స్కూల్ల దింపు." సచ్చిపోయిండనే ముచ్చట, స్కూల్ ముచ్చట ఒక్క గుక్కల అయిపోయినయ్. ఖైతాన్ల కిరాయి రూముల నిద్రల్నే పాణం పోయిందట. ఇంట్ల ఒక్కరన్న "అయ్యో" అంటరేమోనని చూసిన. ఎవ్వలనలే.

మీకు ఆయన తెల్వదు. చెక్ దేశపాయన. ఒకప్పుడు యూరప్‌ల పెద్ద పెద్ద రోడ్డు పందాలల్ల జీతానికి సైకిల్ తొక్కినోడు. మోకాలు చెడినంక ఈడికొచ్చి మా బాబా పెద్ద కొడుకుకు, ఆయన దోస్తులకు తొక్కుడు నేర్పిండు. నేను జగిత్యాల దిక్కోన్ని, ఆ ఇంటి డ్రైవర్ను. శుక్రారం తెల్లారంగ వాళ్లు జహ్రా రోడ్డు మీద తొక్కుతుంటే, నీళ్ల సీసాలు, పానాలు పెట్టుకోని ఎనుక కారుల పోవుడు నా డ్యూటీ.

ఒకనాడు అడిగిన. "ఎన్ని పందాలు గెలిచినవ్ మాస్టర్?"

"ఒక్కటి గూడ లేదు. నేను డొమెస్టిక్‌ను."

నేను బీరిపోయిన. ఈ అరబ్బుల దేశంల ఇండ్లల్ల పనిచేసేటోల్లం మేమందరం డొమెస్టిక్‌లమే, మా ఇరువై నంబర్ వీసానే అది. "అయితే నీది గూడ ఇరువై నంబర్ వీసానా? నీ కఫీల్ ఎవలు?" అన్న. సమజైనంక మాస్టర్ కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్విండు. పందెంల జట్టుకొక లీడరుంటడట. మిగిలినోల్లు వానికి గాలి తగులకుంట ముందట తొక్కాలె, ఎనుకకు పోయి వానికి నీళ్లు తేవాలె. వాళ్ల పేరే డొమెస్టిక్.

"అంటె నౌకరే గద మాస్టర్."

"నౌకరే. అంగీ మాత్రం మంచిది ఇస్తరు."

ఇటలీల ఒక గుట్ట ముచ్చట ఆయన నాకు ఒక్కపారే చెప్పిండు. ఆ పూట కాళ్లల్ల మస్తు బలముండెనట. "నేను గెలుస్తుంటి" అన్నడు. అంతల లీడరు టైరు పగిలింది. మాస్టర్ దిగి తన ముందు చక్రం ఊడదీసి ఇచ్చిండు. ఒంటి చక్రం సైకిల్ పట్టుకోని గుట్ట పొంటి నిలవడ్డడు. వాళ్ల కారొచ్చేసరికి అందరు దాటిపోయిర్రు.

"లీడరు గెలిచిండా?"

"గెలిచిండు."

"నీ పేరు చెప్పిండా?"

"చక్రం మంచిగుంది అన్నడు."

నాతోని నడిచినా దుమ్ము గాలి వచ్చే దిక్కే నడిచేటోడు. నేను అటు జరిగితే మళ్ల నన్ను ఇటు నూకేటోడు. "అలవాటు" అనేటోడు. "గాలికి ముందటున్నోని పేరు ఎవ్వనికీ యాదుండది" అని గూడ అనేటోడు, నవ్వుకుంటనే. ఆ పాత పందెం సైకిల్ మీద మాత్రం ఆయనకు పాణం. "నేను పోతే దీన్ని మా చెల్లెకు పంపియ్యి. పూరా సైకిల్, రెండు చక్రాలతోని" అన్నడు. సరే అన్న.

శవం విమానంల పోయింది. సైకిల్ మా బాబా గరాజుల వడ్డది. పంపుదామంటే "బుక్రా" అన్నడు. ఈడ బుక్రా అంటే రేపు గాదు, ఎన్నటికీ గాదు. ఇగ కొడుకు, ఆయన దోస్తుల ఫోన్లల్ల చూడాలె, మాస్టర్ ఫొటో, పూలు, కింద "గొప్ప చాంపియన్" అని! ఏ పందెం గెలిచిండో ఒక్కనికన్న ఎరుకనా? బతికినన్నొద్దులు ఆయన ఇచ్చిన నీళ్లు తాగిర్రు, గెలిచిండా ఓడిండా అని అడిగినోడు లేడు.

మొన్న శుక్రారం యాదికోసమని ఆ సైకిల్‌ను కారు మీద కట్టించిర్రు. దాని పక్కన నిలవడి ఫొటోలు దిగిర్రు. జహ్రా ఇంక దూరమున్నదనంగ మా బాబా పెద్ద కొడుకు సైకిల్ ముందు టైరు పగిలింది.

"మాస్టర్‌ది ఊడదియ్" అన్నడు.

"సార్, అది వాళ్ల చెల్లెకు పోవాలె."

"బుక్రా. యల్లా!"

నేను ఈడ ఉండే కాయిదం, నా ఇఖామా, వాళ్ల నాయిన చేతుల ఉన్నది. మాస్టర్ సైకిల్ కిందికి దించి, చక్రం ఊడదీసి ఆయన సైకిల్‌కు బిగించిన. ఆయన ఎక్కి నాలుగు తొక్కులు తొక్కి, "జైన్, జైన్" అనుకుంట పోయిండు. మంచిగుంది, మంచిగుంది అని.

ఎనుకనే కారు తోలాలె. తోలలే. ఒంటి చక్రం సైకిల్ పట్టుకోని రోడ్డు పొంటి నిలవడ్డ. ఎడారి దిక్కుకెళ్లి దుమ్ము లేసింది. సైకిల్‌ను ఇటు జరిపి, నేను గాలి దిక్కు పోయి నిలవడ్డ.