అత్తగారి ముగ్గు, మా గాజు పొయ్యి

ఆ రోజుల్లో నేను కొత్తగా రిటైరయ్యాను. ఉద్యోగంలో తల పండినవాణ్ణే గానీ, పగలంతా ఇంట్లో ఉండే విద్యలో అప్పటికింకా పసివాణ్ణి. (ఆ పసితనం ఎంత ప్రమాదకరమో మా ఆవిడ చెబుతుంది.) సరిగ్గా అప్పుడే నెల్లిమర్లలోని మా వంటింట్లోకి కరెంటుతో నడిచే గాజు పొయ్యి వచ్చింది. నల్లగా, నున్నగా, మొహం చూసుకునేలా ఉండేది. దాంతో వచ్చిన పుస్తకం ఆసాంతం చదివాను. గిన్నె అడుగు తుడవందే పెట్టకూడదని, గాజు మీద ఈడ్చకూడదని, పీచుతో తోమకూడదని డైరీలో రాసుకుని, రోజూ ఇంటిల్లిపాదికీ వినిపించేవాణ్ణి. ఇంటిల్లిపాదీ అంటే మా ఆవిడే.

ఆ వారమే నౌపడ నుంచి మా అత్తగారు వచ్చారు. బుద్ధెరిగాక ఆవిడ ముగ్గు పెట్టకుండా పొయ్యి వెలిగించి ఎరగరు. తెల్లారి లేచి చూద్దును కదా, నా గాజు మీద తడి బియ్యప్పిండితో పద్మం! నేను పరుగెత్తేలోగా మా ఆవిడ అలవాటుగా స్విచ్చి వేసేసింది. పద్మం మాడి గాజుకు అట్టకట్టింది. కాస్త చల్లారాక బ్లేడుతో గీకగా గీకగా ఒక్క రేకు తప్ప అంతా వచ్చింది. ఆ రేకు నా ప్రాణం తోడేసింది.

"అత్తయ్యా, దీని మీద ఏమీ పెట్టకూడదండీ," అన్నాను పళ్లు బిగించి.

"ముగ్గు లేని పొయ్యి మీద వంట నాను తినను బాబూ. మీరు తినీయండి. నాకేటి, మంచినీళ్లు తాగి పడుంటాను."

అన్నంత పనీ చేశారు. మధ్యాహ్నం తినలేదు, రాత్రీ తినలేదు. షుగరు మాత్రలు వేసుకునే మనిషి! మా ఆవిడ నా మీద విరుచుకుపడింది. "మీ గాజు సల్లగుండ! మాయమ్మ పేనం కంటే ఎక్కువేటండీ అది?"

మర్నాడు పొద్దున్నే ఓడిపోయాను. వేడెక్కని మూల ఎక్కడుందో చూపిస్తాను, ముగ్గు అక్కడ పెట్టుకోండని అత్తగారిని పిలిచి, ఖాళీ పొయ్యి స్విచ్చి వేశాను. (అలా వేయకూడదనీ పుస్తకంలో ఉంది.) గాజు కింద మెలికలు తిరిగిన తీగ ఎర్రగా వెలిగింది. ఆవిడ వంగి చూసి, కూతురి వైపు తిరిగారు.

"ఓలమ్మ! లోపలే ముగ్గెట్టీసినారు కదే! ఆ ముక్క నిన్ననే సెప్పడానికేటే మీకు?"

మూలన చిన్న కుంకుమ బొట్టు పెట్టి, కడుపునిండా తిన్నారు.

ఆవిడ ఇప్పుడు లేరు. పొద్దున్నే కాఫీకి నేనే స్విచ్చి వేస్తాను. ఎర్ర ముగ్గు పూర్తిగా వెలిగేదాకా గిన్నె పెట్టను. బ్లేడు సొరుగులోనే ఉంది. గాజంతా రోజూ తుడుస్తాను గానీ, మాడిన ఆ ఒక్క రేకు జోలికి మాత్రం పోను.