దలార్ సీసా

రష్త్ ఆస్పత్రిలో ఆ పెద్ద డాక్టరు సనోబర్‌ని బతికుండగానే చంపేశాడు. కిడ్నీ మార్పిడికి ముందు తీసిన స్కానింగులో ఆమె కాలేయం మీద మచ్చలు కనబడ్డాయి. ముక్క తీసి పరీక్షించనైనా లేదు. కేన్సర్ పాకింది, ఇంక కిడ్నీ దండగ అని వరండాలో ఆమె తమ్ముడు ఫర్షీద్‌తో అనేసి వెళ్లిపోయాడు. పక్క బల్ల మీదే కూర్చున్న సనోబర్ వైపు చూడనైనా లేదు. ఇవ్వాల్సిన కిడ్నీని ఒంట్లోనే ఉంచుకుని ఫర్షీద్ అక్కని తమ ఊరు అంజలి రేవుకి తిరిగి తీసుకొచ్చాడు.

సనోబర్ చేపల బజారు మనిషి. డయాలసిస్ మొదలయ్యాక కూడా బేరగాళ్లని తిట్టడం మానలేదు. ఆ సాయంత్రం మాత్రం బజారు వైపే వెళ్లలేదు. బియ్యం డబ్బా వెనక నుంచి ఓ సీసా తీసి, గుమ్మంలో కూర్చుని, దోసకాయ ముక్క ముంచుకుని తినసాగింది. దలార్. వాగొడ్డు పుదీనా, అడవి ఆకులు కడిగీ కడగకుండా ఉప్పేసి పచ్చిగా నూరిన ముద్ద. కిడ్నీ రోగికి ఆ ఉప్పు విషం.

"ఎప్పట్నుంచక్కా?"

"ఎప్పుడు మానాను గనక?"

ఫర్షీద్‌కి ఆ మచ్చల మీద అనుమానం వచ్చింది. చిన్నప్పుడు వాళ్ల వీధిలో సగం మందికి ఈ ఆకుల వల్లే కాలేయంలో పురుగులు పడ్డాయి. పచ్చి ఆకులు తింటావా అని ఆస్పత్రిలో అడిగితే అక్క తిననని ఒట్టేసింది. ఉప్పు తిన్నావా అని రోజూ కసిరే నర్సు అక్కడే నిలబడి ఉంది మరి.

"చెబితే ఆవిడ నన్ను బతకనిచ్చేదా?"

"చెప్పకపోతే అసలే బతకవు. లే, పద."

సీసా చంకలో పెట్టుకుని, అక్కని వెంటబెట్టుకుని ఇంకో డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాడు. రక్తపరీక్షలో తేలిపోయింది. కేన్సర్ కాదు, పురుగులే! సనోబర్ డయాలసిస్ గదిలో మంచం మంచానికీ వెళ్లి పెళ్లి కబురులా చెప్పొచ్చింది. చిన్నప్పుడు ఒకే సీసాలో వేళ్లు పెట్టినవాళ్లు కాబట్టి ఫర్షీద్‌కీ పరీక్ష చేశారు. అతనిలోనూ ఉన్నాయి.

"నాకు కిడ్నీ ఇస్తావా, గాలానికి ఎర ఇస్తావా?" అని అక్క పడీపడీ నవ్వింది.

ఇద్దరూ మాత్రలు మింగారు. మచ్చలు కరిగాయి. తమ్ముడి కిడ్నీ అక్క ఒంట్లో పనిచేసింది.

మొన్న బజారులో కలిసినప్పుడు ఆమె ఒక బేరగాణ్ణి తిడుతూనే ఫర్షీద్ సంచిలో చెయ్యి పెట్టింది. పచ్చటి సీసా బయటికొచ్చింది. మూత తీసి ఆశగా వాసన చూసి, మూత బిగించి, తన దుకాణం కిందికి విసిరేసింది.

"నీ ఒంట్లో మిగిలింది నా ఒంట్లో దానికి తోబుట్టువురా," అంది. "దాని జోలికొస్తే ఊరుకోను."