ఏడువేల ఇరవై గ్రేడు ప్రాసెసరు

నా ఉద్యోగం పర్మనెంటు కావలసిన వారంలోనే దాన్ని నా చేతులతో నేనే ఊడగొట్టుకోబోయాను. నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. అప్పుడు మాత్రం చొక్కా తడిసిపోయేలా చెమటలు పట్టాయి.

ఇది 2007 మాట. జంషెడ్‌పూర్‌లో క్రేన్ గర్డర్లు డిజైన్ చేసే చిన్న ఆఫీసులో ప్రొబేషన్‌లో ఉన్నాను. కొత్త వర్క్‌స్టేషన్ కోసం రెండు ప్రాసెసర్లు పట్టే బోర్డు వచ్చింది. ప్రాసెసర్లు ఎంచే పని నా నెత్తిన పడింది. మా ఆఫీసు పెద్దాయన ప్రకాశరావు గారిది విజయనగరం వైపు.

"సూడు బాబూ, సోమవారానికి మిషను ఆడాల. ఆడితే నీ కన్ఫర్మేషన్ మీద సంతకం పెట్టేత్తాను. ఆడలేదనుకో, నాకాడికి రాకు."

"ఆడుతుంది సార్, నాది పూచీ!"

బోర్డు పుస్తకంలో 'జియాన్ 5100 వరుస ప్రాసెసర్లు' అని రాసుంది. నాది ఇనుము ఊళ్లో పెరిగిన బుర్ర. మా దగ్గర కడ్డీకి 415 గ్రేడంటే కనీసం అంత బలం ఉండాలని అర్థం. 500 గ్రేడు ఇంకా గట్టిది. ఆ లెక్కన 5100 కూడా కనీసమే కదా! ముందు కనిపించిన 5130ని పక్కకు నెట్టి, కేటలాగంతా గాలించి 7020 పట్టుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయి, అది కొనమని ఇండెంటు రాసి పెద్దాయన బల్ల మీద పెట్టాను. ఆయన సంతకంతో అది నేరుగా కొనుగోలు విభాగానికి వెళ్లిపోయింది.

శనివారం పొద్దున ప్రాసెసర్లు అమ్మిన కంపెనీ నుంచి వాటిని బిగించడానికి సుజాత వచ్చింది. మా ఊళ్లోనే మాంగో అనే పేటలో ఉండే తెలుగమ్మాయే, కానీ తెలుగులో అడిగితే హిందీలో బదులిస్తుంది.

"సర్, యే నహీ బైఠేగా."

"ఎందుకు కూర్చోదు? కాస్త నొక్కమ్మా."

"దబాయా తో టూట్ జాయేగా!"

విరిగిపోతుందనేసరికి వంగి చూశాను. ప్రాసెసరు కింద వందల పిన్నులు. అది కూర్చోవలసిన సాకెట్లోనూ వందల పిన్నులు. పెళ్లికి రెండువైపులా మగపెళ్లివారే దిగినట్టుంది.

"నంబర్ తాకత్ నహీ, సర్. ఖాందాన్ హై."

నంబరు బలం కాదట, వంశమట! అయిదువేల వంశం రెండు ప్రాసెసర్ల బోర్డులకు, ఏడువేల వంశం నాలుగేసి పట్టే పెద్ద సర్వర్లకు. సాకెట్లే వేరు. పైగా నేను చిన్నచూపు చూసిన 5130 వీటికన్నా కొత్తది, చురుకైనది.

కాళ్లీడ్చుకుంటూ ప్రకాశరావు గారి గదికి వెళ్లి అంతా చెప్పాను.

"ఏటి! నంబరు సూసి ప్రాసెసరు కొంటారేటయ్యా ఎవులైనా? ఇంజనీరువేనా నువ్వు? ఆ ఇండెంటు ఇలా తే, సూత్తాను."

కొనుగోలు విభాగం నుంచి తెచ్చి ఇచ్చాను. చదువుతూ చదువుతూ ఆయన ఆగిపోయారు. నేనూ తొంగి చూశాను. నా సంతకం కింద ఆయన చేతిరాత: 'ఇంతకన్నా పెద్ద నంబరు దొరికిన యెడల అదే కొనవలెను.'

ప్రకాశరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఆ పిల్ల మార్చి తెత్తాదా?"

"జుగ్సలాయిలో వాళ్ల గోడౌన్‌లో 5130లు ఉన్నాయట సార్. ఇవాళే తెస్తానంది."

"అయితే నీ కన్ఫర్మేషన్ కాయితం ఇటియ్యి. ఇప్పుడే సంతకం పెట్టేత్తాను. ఈ ఇండెంటు మాత్రం నాకాడే ఉండనీ."

సాకెట్టేదో తెలుసుకోకుండా ఇకమీదట ఏ ప్రాసెసరు నంబరూ నోట పలకనని ఆ గదిలోనే కుడిచెయ్యెత్తి ప్రమాణం చేశాను. ప్రకాశరావు గారు తలుపు గడియ పెట్టి వచ్చి, నా పక్కన నిలబడి, తానూ చేశారు.