డిసెంబరులో లేచే గీత

నేను రాసిన పరిశోధనా వ్యాసాల్లో అచ్చయినవి డజనుకు పైనే ఉంటాయి. అన్నీ బ్లడ్ కేన్సర్ల మీదే. వాటిలో ఒక్కదాన్ని మాత్రం మా అమ్మ "మన వ్యాసం" అంటుంది. అనే హక్కు ఆవిడకు ఉంది లెండి.

రాజమండ్రి ఆస్పత్రిలో పనిచేసే రోజుల్లో మండపేట నుంచి ఒకావిడ వచ్చేది. రైస్ మిల్లులో బియ్యం చెరిగే పని. రోజుకో మాత్రతో అదుపులో ఉండే రకం బ్లడ్ కేన్సర్ ఆమెది. పొద్దున్న టిఫిన్ తిన్నాక వేసుకోమని నేనే చెప్పాను. మూడు నెలలకోసారి రక్తం పరీక్షించి, జబ్బు ఎంత ఉందో కాగితం మీద గీత గీసేదాన్ని. వచ్చినప్పుడల్లా అరటిపళ్ళో పనసతొనలో తెచ్చి నా బల్ల మీద పెట్టేది. వద్దంటే వింటేనా! గదంతా పనస వాసన. ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే నాకు ఆ ఓపీ గదే గుర్తొస్తుంది.

ఏడాది పొడవునా బుద్ధిగా కిందే ఉన్న ఆమె గీత ఒక డిసెంబరులో లేచింది. ల్యాబ్ వాళ్ళదే తప్పని వాళ్ళ మీద ఎగిరాను. మార్చికల్లా దిగింది. మరుసటి డిసెంబరులో మళ్ళీ లేచింది, ఈసారి ఇంకా పైకి. మాత్రలు వేసుకుంటున్నావా అని అడిగితే "వేసుకుంటున్నానండి" అంది. ఇక ఆ మందుకు జబ్బు లొంగడం మానేసిందని తేల్చేశాను. బలమైన మందుకు మార్చాలి. చూస్తే ఆమె గుండె అంతంతమాత్రం. మారిస్తే గుండె తట్టుకోదేమోనని భయం, మార్చకపోతే జబ్బు ముదురుతుందని భయం.

ఆ ఆదివారం రామచంద్రపురంలో మా ఇంట్లో, ఆ కాగితాలు భోజనాల బల్ల మీద పరుచుకుని కూర్చున్నాను. పక్కనే చిక్కుడుకాయలు ఒలుస్తున్న అమ్మ తొంగిచూసి, రెండేళ్ళూ ఒకేచోట లేచిందేంటే అంది. అది డిసెంబరని చెప్పాను.

"అంటే కార్తీకం వెళ్ళాక. నక్తాలుండి ఉంటుంది. టిఫినే తినని మనిషి, టిఫిన్ తిన్నాక వేసుకునే మాత్ర ఎప్పుడు వేసుకుంటుందే?"

కార్తీకమంతా పగలు పస్తుండి, చుక్క కనబడ్డాక ఒక్కపూట తినడం నేను పుట్టినప్పటినుంచీ చూస్తున్నదే. అమ్మే ఉండేది. ఇంత చదువూ చదివి నాకు తట్టలేదు. సిగ్గేసింది, నిజం చెప్పొద్దూ.

మర్నాడే ఫోన్ చేసి ఆమెను రప్పించాను. నక్తాలున్న మాటా, ఆ నెలంతా మాత్రలు మానేసిన మాటా నిజమేనంది. నేను అడిగింది కార్తీకం అయ్యాకట, అప్పటికి మళ్ళీ మాత్రలు వేసుకుంటూనే ఉందట. నాకు ఒళ్ళు మండిపోయింది. ప్రాణం మీదికి తెచ్చుకుని ఏం మొక్కులమ్మా నీకు అని గట్టిగానే అరిచాను. నర్సు తలుపు దగ్గరే ఆగిపోయింది.

"నా గురించి కాదండి," అంది ఆమె మెల్లగా. "రెండేళ్ళ కిందట మీకు పెద్దాపరేషన్ అన్నారు కదండి. మీరు లేచి తిరిగితే మూడేళ్ళు నక్తాలుంటానని పిఠాపురం వెళ్ళి మొక్కుకున్నానండి. ఇంకో ఏడు ఉందండి."

అప్పుడు రెండు నెలలు సెలవులో ఉన్నాను. తిరిగి డ్యూటీలో చేరిన వారంలోనే పళ్ళసంచితో వస్తే, ఎందుకమ్మా ఇవన్నీ మోసుకొస్తావని విసుక్కున్నాను కూడా. అది గుర్తొచ్చి ఆమె ఎదుటే ఏడ్చేశాను.

మొక్కు మానమని చెప్పలేదు. చెప్పినా మానే మనిషి కాదు. మాత్ర రాత్రి అన్నం తిన్నాక వేసుకోమన్నాను, అంతే. మూడో డిసెంబరులో గీత లేవలేదు. మిగతా రోగులను కూడా అడిగితే ఇలాంటివాళ్ళు ఇంకొందరు బయటపడ్డారు. అదే వ్యాసమైంది. అచ్చు కాపీ ఆమె చేతికిస్తే, ఒక్క అక్షరం తెలియకపోయినా కళ్ళకద్దుకుని సంచిలో పెట్టుకుంది.

ఆ వ్యాసంలో ఆమెకు పేరు లేదు, అంకె ఉంది. అంకె ఎదురుగా "ఉపవాసం వల్ల మందు ఆపారు" అని రాశాను. ఎవరి కోసం ఉపవాసమని అచ్చువేసినవాళ్ళు అడగలేదు.

ఇప్పుడు నేను ఆ ఆస్పత్రిలో లేను. కార్తీకం వస్తే మాత్రం చుక్క పొడిచాక ఆమెకు ఫోన్ చేస్తాను. మొక్కు ఎప్పుడో తీరిపోయింది కదా, ఇంకా ఎందుకమ్మా పస్తులని కోప్పడతాను. ఆమెకు నా కోపం లెక్కే లేదు.

"అన్నం తిన్నానండి, మాత్ర కూడా వేసుకున్నానండి," అంటుంది. "మీరు తిన్నారాండీ?"